కట్ట కుంగేదాకా ఆగాలి

వంతెన మీదికి ఎక్కే చోట బస్సు ఎగిరిపడితే రోడ్డు వేసినవాళ్లను తిట్టుకుంటాం. చాలాసార్లు లోపం తారులో ఉండదు. వంతెన పైళ్ల (నేలలోకి లోతుగా దించిన స్తంభాల) ఆధారంతో లోతున గట్టి పొర మీద నిలబడి ఉంటుంది. దాన్ని ఆనుకున్న మట్టికట్ట మాత్రం మెత్తని బంకమట్టి మీద కూర్చుని ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది.

నీటితో నిండిన బంకమట్టి మీద కట్ట పోసినప్పుడు ఆ బరువును మొదట మోసేది మట్టిరేణువులు కాదు, వాటి నడుమ చిక్కుకున్న నీరు. ఆ నీరు మెల్లగా బయటికి పోయేకొద్దీ బరువు రేణువుల మీదికి మారుతుంది, అవి దగ్గరగా జరుగుతాయి, నేల కుంగుతూ గట్టిపడుతుంది. 1920లలో ఇంజనీరు కార్ల్ టెర్జాగి ఈ క్రమాన్ని గణితంలోకి తెచ్చారు. నీరు నడవాల్సిన దూరం రెట్టింపైతే పట్టే కాలం నాలుగింతలవుతుందన్నది అందులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఉదాహరణకు 10 మీటర్ల బంకమట్టి పొరకు పైనా కిందా ఇసుక ఉండి, కన్సాలిడేషన్ గుణకం (నీరు పోతూ నేల కుంగే వేగానికి కొలత) ఏడాదికి 1 చదరపు మీటరైతే, 90 శాతం కుంగుదలకు 21 ఏళ్లు కావాలి. అదే నేలలో 1.2 మీటర్ల ఎడంతో వర్టికల్ డ్రెయిన్లు (నీటిని బయటికి తెచ్చే నిలువు దారులు) దించితే, నీరు అడ్డంగా అర మీటరు పైచిలుకు నడిస్తే చాలు కనుక, లెక్క ఏడాదికి దిగుతుంది. డ్రెయిన్‌ను దించే గొట్టం చుట్టూ ఉన్న మట్టిని నలిపి నీటి దారులను మూసేస్తుంది కాబట్టి, సైటులో ఇంకొంత ఎక్కువే పడుతుంది.

తొందరపడి ఎత్తు పెంచితే కట్టే జారిపోవచ్చు. మలేషియాలోని మువార్ దగ్గర 1980ల చివర్లో హైవే అధికారులు పరిశోధన కోసమే ఒక కట్టను కూలేదాకా పెంచారు. అది సుమారు 5.4 మీటర్ల దగ్గర కూలింది. అందుకే మట్టిని దశలవారీగా పోసి, దశకూ దశకూ మధ్య నేల బలం పుంజుకోనివ్వాలి.

నేను పనిచేసిన ఒక వంతెన అప్రోచ్‌ కట్టలో, కుంగుదలను కొలిచే సెటిల్‌మెంట్ ప్లేట్ల రీడింగులు ఇంకా దిగుతుండగానే, గడువు ముంచుకొస్తోందని కుంగుదల త్వరపడాలని అదనంగా పోసిన సర్‌ఛార్జ్ మట్టిని తీయించారు. ఖాళీగా ఉన్నట్టు కనిపించే ఆ నెలల్లోనే అసలు పని జరుగుతోందని అప్పుడు గట్టిగా చెప్పలేకపోయాను. రెండు వానాకాలాలు గడిచేసరికి వంతెన అంచున మెట్టు ఏర్పడి, తారు మీద తారు వేయాల్సి వచ్చింది. ఇప్పుడు నేలలోని నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటర్‌లో అదనపు నీటి ఒత్తిడి దిగిపోయిందని, రీడింగుల గీత చదునైందని నా కళ్లతో చూసేదాకా, ఆ మట్టిని తీయమనే కాగితం మీద సంతకం చేయను.