నవలను తెరకు మలిచే బల్ల దగ్గర

లాస్ ఏంజిలిస్‌లోని ఒక నిర్మాణ సంస్థలో, సినిమాకు పనికివస్తాయనుకున్న నవలలను చదివి నివేదికలు రాయడంతో నా ఉద్యోగం మొదలైంది. తర్వాత స్క్రీన్‌ప్లే రచయితలతో కలిసి కూర్చునే అవకాశం వచ్చింది. ఇక్కడ సాధారణంగా నవల హక్కులను ఒకేసారి కొనరు. ఆప్షన్ అనే ఒప్పందం కింద కొంత సొమ్ము చెల్లించి, ఏడాదికో ఏడాదిన్నరకో హక్కును తమ దగ్గర ఉంచుకుంటారు. ఆ గడువులోగా స్క్రిప్టు ఒక రూపానికి రావాలి.

స్క్రిప్టు 12 పాయింట్ల పరిమాణంలో కొరియర్ అనే టైపు అక్షరాల్లో, పేజీకి తెరపై సుమారు ఒక నిమిషం లెక్కన నడుస్తుంది కాబట్టి ఎంత పెద్ద నవలైనా 120 పేజీల లోపు ఒదగాలి. ఫ్రాంక్ నోరిస్ నవల ఆధారంగా ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ తీసిన ‘గ్రీడ్’ (1924) తొలి కూర్పు సుమారు ఎనిమిది గంటలు. స్టూడియో దాన్ని రెండున్నర గంటల లోపుకు కోసేసింది, తీసేసిన భాగాలు నేటికీ దొరకలేదు.

అయితే నిడివి కన్నా కష్టమైనది పాత్ర మనసు. ఒక మనిషికి మరొకరి మీద నమ్మకం సడలిందని నవలా రచయిత ఒక్క వాక్యంలో చెప్పగలరు. స్క్రీన్‌ప్లేలో కనిపించేది, వినిపించేది మాత్రమే, అదీ వర్తమాన కాలంలో రాయాలి. పాత్ర ఆలోచనలను నేపథ్య స్వరంతో చెప్పించడం సులువే గాని, చాలాసార్లు అది సన్నివేశం చేయవలసిన పనిని దాటవేయడమేనని నా అభిప్రాయం.

పరాయి దేశపు కార్యాలయంలో గడిపిన తొలి రోజులు నాకు ఇక్కడే అక్కరకొచ్చాయి. సమావేశాల్లో వాళ్ల వేగమూ ఛలోక్తులూ సగమే అందేవి గనుక, ఎవరు ఎవరి ముఖం చూసి ఒప్పుకుంటున్నారో, ఎవరు మాట మధ్యలో కలం కింద పెట్టేశారో గమనిస్తూ విషయం గ్రహించేదాన్ని. కొలోన్‌లో పుట్టి, 1939లో ఇంగ్లండ్‌కు, 1951లో ఢిల్లీకి, తరువాత న్యూయార్క్‌కు చేరిన స్క్రీన్‌ప్లే రచయిత్రి రూత్ ప్రవర్ ఝబ్వాలా, ఆంగ్ల రచయిత ఇ. ఎం. ఫార్‌స్టర్ నవలల అనుసరణలకు రెండు ఆస్కార్లు అందుకున్నారు. ఒక సమాజపు మర్యాదలను బయటినుంచి వచ్చి నేర్చుకున్న చూపు ఆ రచనలో పనిచేసిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మేము పనిచేసిన ఒక నవలలో, తండ్రి ఇంటిని అమ్మాలా వద్దా అని కొడుకు ఒక అధ్యాయమంతా ఆలోచిస్తాడు. కొనేవాళ్లు వచ్చే ముందురోజు సాయంత్రం అతను ఏళ్లుగా విరిగి ఉన్న కిటికీ గడియను ఓపికగా బాగుచేస్తే చాలునని నేను ప్రతిపాదించాను. అతను ఆ ఇంటిని కొనుగోలుదారుల కోసం సిద్ధం చేస్తున్నాడా, తన కోసమా అన్న సందేహం ప్రేక్షకుడికి మిగులుతుంది. ఆ సన్నివేశం చివరి ప్రతి వరకూ నిలిచింది. నవలా రచయిత్రి మాత్రం అధ్యాయం పోయినందుకు బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. ఆ పేజీల్లో తండ్రి బాల్యం కూడా ఉంది, దాన్ని గడియ మోయలేదు.