డోలు, వేణువు, ఒక కాగితం

ఈరోజు ఆల్బమ్ కోసం ఇద్దరు వస్తున్నారు. పొద్దున డోలు, మధ్యాహ్నం వేణువు. సాయంత్రానికి ఎడిటింగ్, కాగితాల పని. బయటి కళాకారులు వచ్చి వాయించే రోజున లెక్కంతా ఒక్కటే: వాళ్ల చేతుల్లో ఊపు ఉండేది మొదటి గంటలోనే. ఆ గంట కాస్తా కేబుళ్లు వెతకడానికి, లెవెల్స్ సర్దడానికి, "ఒక్క నిమిషం అన్నా" అనడానికి పోయిందంటే, తరువాత ఎన్ని టేకులు తీసినా వినిపించేది అలసటే. అందుకే సగం పని వాళ్లు గడప దాటకముందే అయిపోవాలి.

ముందు ప్రాజెక్ట్ ఫైలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, అంటే శబ్దాన్ని సెకనుకి 48 వేలసార్లు, ఒక్కో కొలతకి 24 బిట్ల చొప్పున నమోదు చేయడం. మొదటి పాట మొదలుపెట్టిన నాడే ఇది తేల్చుకోవాలి, చివరి పాట అయ్యేదాకా మార్చకూడదు. ఇంటి దగ్గరే రికార్డు చేసి పంపే వాళ్లకీ ఇదే చెప్పాలి. 44.1లో రికార్డైన ఫైలుని మార్చకుండా 48 ప్రాజెక్ట్‌లో పడేస్తే దాదాపు తొమ్మిది శాతం వేగంగా, ఒకటిన్నర స్వరస్థానం పైకి వినిపిస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు లోపలికి తెచ్చుకునేటప్పుడే మార్చేస్తాయి, కొన్ని మనల్ని అడుగుతాయి, ఏమీ అనకుండా ఊరుకునేవీ ఉన్నాయి.

వింటూ వాయించడానికి ఇచ్చే నమూనా, అంటే గైడ్ ట్రాక్ మాత్రం ఎంపీత్రీలో పంపకూడదు. ఎంపీత్రీ తయారయ్యేటప్పుడు ఫైలు మొదట్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది, పాతిక మిల్లీసెకన్లో, ఇంకా ఎక్కువో. పాట వినేవాడికి అది తెలియదు. దాని మీద వాయించి పంపిన ట్రాక్ తెచ్చి అసలు పాట పక్కన పెడితే మాత్రం అంతా వెనకబడి ఉంటుంది, వాయించినవాడి తాళం మీద అనుమానం వస్తుంది. కుదించని వేవ్ ఫైలే పంపాలి, పాట సున్నా సెకను నుంచే మొదలవ్వాలి. వాళ్లు తిరిగి పంపేదీ సున్నా నుంచే ఉండాలి, మధ్యలో ఎక్కడో వాయించిన నాలుగు ఆవర్తాలే అయినా సరే.

ఇక శ్రుతి. ఈ పాటకి ఆధారం హార్మోనియం. దాని రీడ్లు ఎక్కడుంటే అక్కడే, వాయిస్తూ సర్దుకునే వీలు లేదు. అన్నిటికంటే ముందు కొలవాల్సింది దాన్నే. 440 హెర్ట్జ్ ఉండాల్సిన స్వరం 443 పలికితే తేడా పన్నెండు సెంట్లు, అంటే స్వరస్థానంలో ఎనిమిదో వంతు. విడిగా వింటే ఎవరికీ పట్టదు. పక్కన 440కి కట్టిన కీబోర్డు ధ్వని పెట్టగానే సెకనుకి మూడుసార్లు ఊగుతున్నట్టు వినిపిస్తుంది. హార్మోనియం రికార్డింగునే సాఫ్ట్‌వేర్‌తో కిందికి దించుదామనిపిస్తుంది, కానీ అలా చేస్తే రీడ్ల మీది గరుకుదనం మొద్దుబారిపోతుంది. కీబోర్డు ధ్వనులన్నీ 443కి పెంచడం తేలిక, శుభ్రం కూడా. వచ్చేవాళ్ల ట్యూనర్లు కూడా 443కే పెట్టించాలి. ఆ అంకె పెద్దక్షరాల్లో రాసి మైకు స్టాండుకి అంటించి ఉంది.

గదిలో ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి, ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. గది మధ్యలో గట్టిగా ఓ చప్పట్టు కొడితే టకటకమని తిరిగొస్తోందంటే ఎదురెదురు గోడలు రెండూ నున్నగా ఉన్నాయని అర్థం. ఒక గోడకి దళసరి దుప్పట్లు వేలాడదీస్తే అది పోతుంది. దుప్పట్లు పై స్థాయి శబ్దాలనే పీలుస్తాయి గానీ మంద్రాన్ని ఏమీ చేయలేవు. మంద్రం మూలల్లో పేరుకుంటుంది కాబట్టి డోలు మూలలో పెట్టకూడదు. సరిగ్గా గది నడిమధ్యన కూడా పనికిరాదు, అక్కడ కొన్ని మంద్ర ధ్వనులు దాదాపు మాయమవుతాయి.

డోలుకి రెండు పక్కలా తోలు, కాబట్టి రెండు మైకులు. కర్ర పడే వైపు డైనమిక్ మైకు, చేయి పడే వైపు కండెన్సర్, రెండూ జానెడు దూరంలో. దెబ్బ పడే చోటికి సూటిగా గురిపెడితే చర్రుమనే శబ్దం తప్ప నాదం రాదు. కాస్త పక్కకి, తోలు అంచుకీ మధ్యకీ నడుమ చూపాలి.

తడబడేది ఇక్కడే. ఒక పక్క దెబ్బ పడగానే ఆ తోలు లోపలికి పోతుంది, లోపలి గాలి అవతలి తోలుని బయటికి నెడుతుంది. అంటే ఒక మైకు ముందు నుంచి గాలి వెనక్కి పోయే క్షణంలోనే రెండో మైకు మీదికి గాలి వస్తుంది. ఒక ట్రాక్‌లో అల కిందికి, రెండోదాంట్లో పైకి. రెండూ కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ముందుగా పోయేది గుమ్మనే మంద్రమే. విడివిడిగా వింటే రెండు ట్రాకులూ బ్రహ్మాండం, కలిపితే డబ్బా మీద కొట్టినట్టు. చాలామంది ఇక్కడ ఈక్వలైజర్‌తో బాస్ పెంచుతారు. పోయిన ధ్వనిని ఎంత పెంచినా ఏముంటుంది? మైకు ధ్వనిని పెంచే ప్రీఆంప్ మీద గానీ ట్రాక్ మీద గానీ సున్నాకి అడ్డగీత గీసినట్టుండే బటన్ ఒకటి ఉంటుంది, అది ధ్రువత తిప్పుతుంది, అంటే అలని తలకిందులు చేస్తుంది. రెండింట్లో ఒక ట్రాక్‌కి మాత్రమే నొక్కి, అంతా మోనోలో పెట్టి వినాలి. ఏ స్థితిలో బరువు ఎక్కువుందో అదే సరైనది. పావు నిమిషం పని, కళాకారుడు గొంతు తడుపుకునేలోపు అయిపోతుంది.

మూడో మైకు మనిషికి ఎదురుగా, ఓ మీటరు దూరంలో. చివరికి మిక్స్‌లో ఎక్కువ పనికొచ్చేది ఇదే. దగ్గరి మైకులు చూపేది దెబ్బని. డోలు మొత్తంగా ఎలా మోగుతుందో ఈ ఒక్కదానిలోనే వినిపిస్తుంది.

లెవెల్ సంగతికొస్తే, ఎంత గట్టిగా కొట్టినా మైనస్ పది డీబీ దాటకుండా చూసుకుంటే చాలు, మీటర్ మీద సున్నాయే గరిష్ఠం. 24 బిట్‌లో అడుగు రొద అంత కిందుంటుంది కాబట్టి సున్నా దాకా నింపాలన్న పాత ఆత్రం అక్కర్లేదు. పైగా సౌండ్ చెక్‌లో వాయించే దెబ్బ వేరు, పాట ఊపులో పడే దెబ్బ వేరు. ఆరు డీబీ తేడా మామూలే. సున్నా తాకి తెగిపోయిన శిఖరాన్ని తరువాత ఏ ప్లగిన్నూ పూర్తిగా తిరిగి కట్టలేదు.

వాయించేవాళ్లకి చిరాకు తెప్పించేది ఆలస్యం. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పట్టుకునే శబ్దం ముక్క, 512 శాంపిళ్లు ఉంటే 48లో ఒక్క దిక్కుకే దాదాపు 11 మిల్లీసెకన్లు. లోపలికి, బయటికి కలిపితే దానికి రెట్టింపు. తన దెబ్బ తనకే ఆలస్యంగా వినిపిస్తుంటే ఎంతటివాడికైనా లయ జారుతుంది. బఫర్ 64కి దించడం ఒక దారి. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ పెట్టి కంప్యూటర్‌తో పనిలేకుండా వినిపించడం అంతకంటే నయం.

తాళం తప్పకుండా హెడ్‌ఫోన్‌లో వినిపించే క్లిక్ విషయంలో ఒక మాట. యంత్రం టిక్కు చెవికి గుచ్చుకుంటుంది, డోలు మోతలో కలిసిపోకుండా ఉండాలని పెంచుతూ పోతాం, చివర్లో నిశ్శబ్దంలోకి జారే చోట హెడ్‌ఫోన్ లోంచి ఆ టిక్కు మైకులోకి దూరుతుంది. క్లిక్ బదులు తాళాల చప్పుడో, గలగలమనే షేకరో పెట్టి, చివరి ఆవర్తంలో దాన్ని కిందికి దించేసేలా ముందే గీసి ఉంచాలి. పాట ఊపిరి తీసుకునేదైతే అసలు ఒకే వేగంతో కొట్టే క్లిక్ వద్దు. గైడ్‌లో గొంతు ఎక్కడ ఆగిందో, ఎక్కడ పరుగెత్తిందో దాన్నిబట్టి టెంపో మ్యాప్ గీసుకోవాలి. జానపద గాయకులతో పనిచేసేటప్పుడు ఇది తప్పనిసరి. వాళ్ల నడకని గడియారానికి కట్టేస్తే ఎందుకు పిలిచినట్టు?

అనుకున్నట్టు వాయించాక, "ఇప్పుడు మీకు తోచినట్టు ఒక్కసారి వాయించండన్నా" అని వదిలేయడం మంచి అలవాటు. ఈరోజు అలా వదిలినప్పుడు చరణం చివర గొంతుకి జవాబుగా ఓ రెండు ఆవర్తాల ముక్క పడింది. ఆ ముక్కే పాటకి ముఖమయ్యేలా ఉంది. దాని సంగతి సాయంత్రం కాగితం మీద. మైకులు తీసే ముందు అందరినీ కదలకుండా కూర్చోబెట్టి అర నిమిషం ఖాళీ గదిని రికార్డు చేయాలి. ఎడిటింగ్‌లో ముక్కల మధ్య గుంతలు పూడ్చేది అదే.

మధ్యాహ్నం వేణువు. వెదురు చల్లగా ఉన్నప్పుడు శ్రుతి కిందుంటుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే శ్రుతి మూడు సెంట్ల దాకా పెరుగుతుంది. కేసులోంచి తీసిన వేణువుకీ పది నిమిషాలు ఊదిన వేణువుకీ తేడా అందుకే. శ్రుతి చూడాల్సింది ఆ పది నిమిషాల తరువాతే. మధ్యలో ఎక్కువసేపు ఆగితే మళ్లీ దిగుతుంది కాబట్టి, వెనక్కి తిప్పి వింటున్నంతసేపూ వేణువు చేతుల్లోనే ఉంచుకుని, మధ్యమధ్య శబ్దం రాకుండా ఊదుతుంటే నయం. నాలుగైదు సెంట్ల తేడాని పెదవి కోణంతో కళాకారిణే సర్దేసుకుంటారు. అది సాఫ్ట్‌వేర్ సర్దుబాటు కంటే వెయ్యి రెట్లు మేలు.

మైకు ఊదే రంధ్రం ఎదురుగా పెడితే ఊపిరి నేరుగా తాకి బుస్సుమంటుంది. అడుగున్నర దూరంలో, నుదుటి ఎత్తున, ఊదే రంధ్రానికీ మొదటి వేలికీ మధ్యకి వంచి పెట్టాలి. వేణువు నాదం ఊదే చోట నుంచి ఒక్కటే రాదు, తెరిచి ఉన్న రంధ్రాలన్నిటి నుంచీ వస్తుంది. మరీ దగ్గరికి తెస్తే ఊపిరి మిగులుతుంది, నాదం పోతుంది. ఎడిటింగ్‌లో ఊపిరి శబ్దాలన్నీ కత్తిరించకూడదు. వాక్యం ముందు పీల్చే గాలి వినిపించకపోతే వాయించింది మనిషా కీబోర్డా అన్న సందేహం వస్తుంది. ఆరేడు డీబీ తగ్గిస్తే సరిపోతుంది.

సాయంత్రం ముందు ఫైళ్ల పేర్లు. "ఆడియో 27" అన్న పేరుతో మిక్స్ చేసేవాళ్లకి పంపడం అమర్యాద. పాట, వాద్యం, మైకు, టేకు, ఈ వరుసలో పేరు ఉండాలి. టేకులు అతికించిన ప్రతిచోటా ఒకటి తగ్గుతూ ఇంకోటి పెరిగేలా ఐదు నుంచి పది మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ పెట్టాలి, లేకపోతే టిక్కుమంటుంది. తరువాత బ్యాకప్. 48, 24 బిట్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ. నాలుగు మైకులు, అరగంట అంటే ఒక జీబీ పైచిలుకు. ఇంత చిన్నదాన్ని మూడు చోట్ల దాచుకోకపోవడానికి సాకు లేదు. అందులో ఒకటి ఇల్లు దాటి ఉండాలి.

ఇక కాగితం. ఇది కళాకారులు వెళ్లకముందే అవ్వాలి. పాటకి పేరొచ్చాక అడిగితే అందరికీ అన్నీ వేరుగా గుర్తుంటాయి. పాట ఒక హక్కు, రికార్డింగు ఇంకో హక్కు. సాహిత్యం, బాణీ పాటలోకి వస్తాయి. వాయించింది, పాడింది రికార్డింగులోకి. మాట్లాడుకున్న పారితోషికం తీసుకుని చెప్పింది వాయించి వెళ్తే సాధారణంగా పాటలో వాటా ఉండదు. పొద్దున పుట్టిన ఆ జవాబు ముక్క సంగతి వేరు. అది బాణీలో భాగమైపోయింది, కాబట్టి దానికి శాతం ఎంతో ఈరోజే, ఇక్కడే తేలాలి. "ఇంత రాశాను, మీకు సమ్మతమేనా అన్నా?" అని అడిగి, చదివి వినిపించి, ఇద్దరూ సంతకం పెట్టి, చెరో ప్రతి తీసుకోవాలి. శాతాలు కూడితే సరిగ్గా 100 రావాలి. ముగ్గురికి 33 చొప్పున రాసి వదిలేస్తే ఒక శాతం గాల్లో ఉంటుంది. వందకి మించితే ఎవరి వాటా ఎంతో తేలేదాకా డబ్బు ఆగిపోతుంది. బాణీ పాత జానపదానిదైతే ఎవరి నోటి నుంచి విన్నామో, ఏ ప్రాంతానిదో క్రెడిట్లలో రాయాలి. అది మన సొంతమని నమోదు చేసుకోకూడదు.

అదే కాగితం మీద పేరు ఎలా రాయాలో వాళ్ల చేతే రాయించాలి. ఇంటిపేరు ముందా, వెనకా, పొడి అక్షరాలా, అంతా వాళ్లిష్టం. స్ట్రీమింగ్ సైట్లలో ఇప్పటికే ప్రొఫైల్ ఉంటే దాని లింకు కూడా తీసుకోవాలి. అదే పేరున్న ఇంకొకరి పేజీలోకి పాట వెళ్లి కూర్చోవడం రోజూ జరిగేదే, తరువాత అక్కడి నుంచి కదిలించడానికి వారాలు పట్టొచ్చు.

ప్రతి రికార్డింగుకీ దాన్ని గుర్తుపట్టే కోడ్ ఒకటి, ఐఎస్‌ఆర్‌సీ, ఉంటుంది. మొత్తం 12 అక్షరాలు, అంకెలు: ముందు రెండక్షరాలు, తరువాత జారీ తీసుకున్నవారికి మూడు, సంవత్సరానికి రెండు, వరుస సంఖ్యకి ఐదు. గొంతు లేని వెర్షన్‌కి వేరే కోడ్, లైవ్‌కి ఇంకోటి. పాటని స్ట్రీమింగ్ సైట్లకి చేర్చే ఒక డిస్ట్రిబ్యూటర్ నుంచి మరొకరికి మారినప్పుడు పాత కోడే ఇవ్వాలి. కొత్తది తీసుకుంటే అప్పటిదాకా వచ్చిన ప్లేలు కొత్త పాటకి చేరకపోవచ్చు. కోడ్‌లన్నీ పాటల వరుసతో ఒకే పట్టికలో పెట్టుకుంటే చాలు.

మాస్టర్, అంటే విడుదలకి సిద్ధమైన చివరి ఫైలు, ఎంత గట్టిగా ఉండాలన్న గొడవ ఇంకా రాలేదు గానీ, స్పాటిఫై మామూలుగా మైనస్ 14 లఫ్స్ (చెవికి వినిపించే గట్టిదనం కొలత) దగ్గరికి సర్దుతుంది, ట్రూ పీక్, అంటే అల అసలు శిఖరం, మైనస్ 1 డీబీ దాటొద్దంటుంది. అంతకంటే గట్టిగా నలిపి పంపితే వాళ్లు శబ్దం తగ్గిస్తారు, నలిగింది మాత్రం నలిగే ఉంటుంది. డోలు ఉన్న పాటల్లో దెబ్బ బతకాలంటే అంత గట్టిదనం అక్కర్లేదు. కవరు బొమ్మ చతురస్రం, 3000 పిక్సెళ్లకి 3000. స్పాటిఫై ప్లేలిస్టు ఎడిటర్లకి పాట పంపాలంటే విడుదలకి కనీసం వారం ముందు అది వాళ్ల దగ్గర ఉండాలి. డిస్ట్రిబ్యూటర్ ఫైలు చూసి దాటించే సమయం కూడా కలుపుకుంటే నాలుగు వారాల ముందు అప్‌లోడ్ చేయడం క్షేమం.

రేపు గాయని వస్తారు. ఊపిరి దెబ్బ తగలకుండా ఆపే పాప్ ఫిల్టర్ మైకుకి జానెడు దూరంలో బిగించాలి, సాహిత్యం పెద్దక్షరాల్లో ముద్రించి ఉంచాలి, ఒక పేజీ తిప్పాల్సిన అవసరం రాకుండా.