లాకుల మీదుగా పడవ: రోజుకు ఎంత దూరం?

కాలువలో పడవ వేగం గంటకు ఐదు కిలోమీటర్లనుకోండి, ఒక్కో లాకుకు (రెండు చివరలా తలుపులుండి, నీళ్లు నింపీ వదిలీ పడవను ఎత్తే, దించే గది) పావుగంట. అంటే 15 కిలోమీటర్లు, 12 లాకులు ఉంటే ఆరు గంటలు. ముందు ఇంకో పడవ ఉంటే ఈ లెక్క తప్పుతుంది.

పైకి వెళ్లేటప్పుడు పడవ లోపలికొచ్చాక కింది తలుపులు మూసి, వాటి తూములు (నీటిదారిని మూసే పలకలు) పూర్తిగా దిగాయో లేదో చూడాలి. తర్వాతే పై తూములు, అదీ ముందు సగం మాత్రమే. ఒక్కసారిగా ఎత్తితే నీటి తోపుకు పడవ ముందుకూ వెనక్కీ కొట్టుకుంటుంది.

దిగేటప్పుడే అసలు ప్రమాదం. పై తలుపుల కింద రాతి గడప ఉంటుంది. నీళ్లు తగ్గేకొద్దీ పడవ వెనుక భాగం దాని మీద చిక్కితే ముందు భాగం మునుగుతుంది. గోడ మీద గడప గీత దాటి ముందుకే ఉండండి. తాడు గుంజకు ముడి వేయకూడదు. ఒక చుట్టు తిప్పి చేత్తో వదులుతూ ఉండాలి. పడవ చిక్కిందనిపిస్తే వెంటనే కింది తూములు మూసి, ఆ తర్వాత పై తూములు మెల్లగా తెరవాలి.

నీటిమట్టాలు సమానమయ్యేదాకా తలుపు కదలదు, ఎంత బలవంతుడు నెట్టినా. తూములు ఎత్తే తిప్పుడు పిడిని ఇరుసుకే వదిలేయకండి: తూమును ఆపి ఉంచే పట్టీ జారితే పిడి గిర్రున తిరిగి చెయ్యి విరుస్తుంది.