మేమందరము ఇక్కడనే యున్నాము: ఫిలిప్పీ యాత్ర

యెరూషలేము వెళ్లొచ్చినవాళ్లు మా సంఘంలో చాలామందే ఉన్నారు. నేను మాత్రం గ్రీసులోని ఫిలిప్పీ చూడాలని పట్టుబట్టాను. "అక్కడేముంది, రాళ్లు తప్ప" అన్నారు కొందరు. నిజమే, రాళ్లే. కానీ అపొస్తలుడైన పౌలు బంధకాల్లో ఉండి "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని రాసింది ఆ ఊరివాళ్లకే. మా ఆయనకు పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఆ వచనంతో నాకు గొడవే. ఎల్లప్పుడునా? అర్ధరాత్రి తడిసిన దుప్పటి మార్చేటప్పుడు కూడానా? ఇలాంటి ఉత్తరం అందుకున్నవాళ్ల ఊరు ఎలా ఉంటుందో చూద్దామనిపించింది.

ఆయనకు మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తారు. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది నోటికి అందదు. దీన్ని అఫేసియా అంటారట. మిగిలింది ఒక్కటే మాట, "అదే". దాహమేసినా "అదే", కోపమొచ్చినా "అదే", ఈ చీర బాగుందా అని నేనడిగినా "అదే". ఏది దేనికో గొంతును బట్టి పోల్చుకోవడం అలవాటైపోయింది. మా వదినకు, అంటే ఆయన అక్కకు, ఇంకా అలవాటు కాలేదు. తమ్ముడి సంగతి నాకంటే తనకే బాగా తెలుసంటుంది. ఆవిడా మాతోనే బయల్దేరింది.

ఈ కాలంలో మాకు అందిన సలహాలు అన్నీ ఇన్నీ కావు. ఒప్పుకోని పాపమేదో ఉందని ఒకరు, విశ్వాసం చాలలేదని ఇంకొకరు. ప్రార్థన చేసి వెళ్లేవాళ్లు ఎక్కువ, ఒక పూట ఆయన దగ్గర కూర్చుని నన్ను నిద్రపోనిచ్చినవాళ్లు తక్కువ. ఆ తక్కువ మందే ఈ ప్రయాణానికి మమ్మల్ని పోరి తీసుకొచ్చారు.

థెస్సలొనీకలో దిగి, బస్సులో తూర్పుకు వెళ్తే సముద్రం ఒడ్డున కవాలా వస్తుంది. బైబిల్లో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో నెయపొలి అన్నది దీన్నే. సముద్రానికి అవతలి త్రోయ పట్టణంలో పౌలుకు రాత్రి దర్శనం వచ్చింది, మాసిదోనియ మనిషి ఒకడు నిలబడి, వచ్చి సహాయం చెయ్యమని బతిమాలాడు. పౌలు ఓడెక్కి సమొత్రాకే మీదుగా ఈ రేవులోనే దిగాడు. సాయం అడిగితే వచ్చిన మనిషికి తర్వాతి ఊళ్లో దొరికింది బెత్తం దెబ్బలు. బస్సు కిటికీలోంచి రేవును చూస్తుంటే నాకిదే తోచింది. దేవుడు పిలిచిన దారైతే సాఫీగా ఉంటుందని మనకెవరు చెప్పారో గానీ, పౌలుకు మాత్రం చెప్పలేదు.

అక్కడికి దాదాపు పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఫిలిప్పీ. దానికి దగ్గర్లోనే జిగాక్టిస్ అనే చిన్న ఏరు, పక్కన లూదియ పేరున కట్టిన గుడి. సబ్బాతు రోజున ఊరి బయట నదీతీరాన ప్రార్థనకు చేరిన స్త్రీలతో పౌలు మాట్లాడాడు. అందులో ఊదారంగు పొడి అమ్మే తుయతైర ఊరి లూదియ ఒకతి. విని, బాప్తిస్మం తీసుకుని, మా యింట్లోనే ఉండాలని వాళ్లను బలవంతం చేసింది. ఆ "బలవంతం" నాకిష్టం. మొహమాటానికి పిలిచేవాళ్లకూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవాళ్లకూ తేడా, కష్టంలో ఉన్నవాళ్లకు బాగా తెలుస్తుంది.

మా ఆయన ఏటి మెట్ల మీద కూర్చుని ఎడమచేత్తో మేజోళ్లు లాక్కోవడం మొదలుపెట్టారు. నేను వంగబోతే మోచేత్తో తోసేశారు. కుడికాలి మేజోడు మడమ దగ్గర ఇరుక్కుంది. వేలు లోపలికి పెట్టి, చుట్టూ తిప్పి, ఎడమకాలితో తొక్కిపట్టి మొత్తానికి ఊడదీశారు. వెనక జనం ఆగిపోయారు. పాదాలు నీళ్లలో పెట్టగానే "అదే!" అని కేక. చల్లగా ఉన్నాయని.

అసలు ఫిలిప్పీ ఇప్పుడు ఊరు కాదు, శిథిలాల మైదానం. క్రీ.పూ. 356లో మాసిదోనియ రాజు ఫిలిప్పు తన పేరు పెట్టుకున్న పట్టణం, తర్వాత రోమీయుల కాలనీ అయింది. 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. రోమీయుల ఎగ్నాతియా రహదారి దీని నడిబొడ్డునుంచే పోయేది. ఆ రాళ్లమీద బండిచక్రాలు అరగదీసిన గాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన కర్ర మొన మాటిమాటికీ అందులో దిగబడుతోంది.

ఆ పక్కనే సంతవీధి. సోదె చెప్పే దాసిపిల్లను పౌలు బాగుచేశాడని, రాబడి పోయిందన్న కోపంతో ఆమె యజమానులు పౌలును, అతని తోటివాడు సీలను ఈడ్చుకొచ్చింది ఇక్కడికే. అధికారులు వాళ్లను బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేయించారు. ఆ పిల్ల తర్వాత ఏమైందో ఈ కథ రాసిన లూకా రాయలేదు. వెళ్లిన ప్రతి సమూహమూ చెరసాల వైపు పరుగెత్తుతుంది గానీ, ఆ పిల్లను తలుచుకుని ఒక్క నిమిషం ఆగేవాళ్లు కనబడలేదు.

చెరసాల అని చూపించేది చిన్న రాతి గది. అది నిజానికి రోమీయుల నాటి నీళ్ల తొట్టి అని పురావస్తు శాస్త్రవేత్తల మాట. తర్వాతి తరాలు దాన్నే పౌలు చెరసాలగా ఎంచి, గోడలకు బొమ్మలు వేయించుకున్నాయి. తొట్టి అయితే ఏం, ఆ వీపులు చిట్లింది, కాళ్లకు బొండ బిగించింది ఈ ఊళ్లోనే. పాస్టరు గారు వాక్యం చదివాక ఒక పాత కీర్తన ఎత్తుకున్నారు. మా ఆయన గొంతు కలిపారు. పల్లవి, చరణం, మాట తప్పకుండా, గట్టిగా.

నాకు ఆశ్చర్యం లేదు. ఇంట్లోనూ పాడతారు. మాటకు ఎడమ మెదడు ముఖ్యమైతే, పాటకు కుడివైపు కూడా బాగా సాయపడుతుందని, అందుకే మాట పోయినా పాట మిగిలేవాళ్లు ఉంటారని స్పీచ్ థెరపిస్ట్ చెప్పింది. కానీ మాతో వచ్చినవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. ఏడుపులు, చప్పట్లు. "అన్నకు మాట వచ్చేసింది! అన్నా, మీ పేరు చెప్పండి" అని ఒకాయన చెయ్యి పట్టుకున్నాడు. అంతా ఊపిరి బిగబట్టారు. ఈయన నోరు తెరిచి, వెతికి, "అదే" అన్నారు. నాకు చచ్చేంత టెన్షన్. ఈయన మాత్రం ఆ పెద్దమనిషి ముఖం చూసి పడీపడీ నవ్వారు. కాసేపటికి ఆయనా నవ్వేశాడు.

ఆ అర్ధరాత్రి పౌలు, సీల పాడుతుండగా వచ్చిన భూకంపం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. అక్కడ నిలబడితే నాకు గుర్తొచ్చింది దాని తర్వాతి మాట. తలుపులు తెరుచుకున్నాయి, బంధకాలు ఊడాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు తనను తాను చంపుకోబోయి కత్తి దూశాడు. "మేమందరము ఇక్కడనే యున్నాము" అని పౌలు కేక వేశాడు. నాకూ తలుపులు తెరిచే ఉన్నాయి. పుట్టింటికి పోవచ్చు, ఆయన్ను ఏదైనా హోమ్‌లో చేర్చి ఊపిరి పీల్చుకోవచ్చు. అలా చేసినవాళ్లను నేను తప్పుపట్టను, ఎవరి బలం వాళ్లది. కానీ ఓర్పంటే పళ్లు బిగించి భరించడమేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. తలుపు తెరిచి ఉన్నా కదలకుండా, అవతలివాడి ప్రాణం కోసం ఉండిపోయినవాళ్లు ఆ రాత్రి చేసింది వేరు. ఆ రాత్రి ఆ గడియలోనే గాయాలు కడిగినవాడు ఎవరు? తాళాలు వేసినవాడే. భోజనం పెట్టి, ఇంటిల్లిపాదితో ఆనందించింది కూడా వాడే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఫిలిప్పీయుల పత్రిక ఆయనకు చదివి వినిపించాను. నాలుగు అధ్యాయాలే. ఆనందం గురించి రాసిన ఉత్తరం అంటాం గానీ అందులో దిగులూ ఉంది. ఫిలిప్పీవాళ్లు కానుక ఇచ్చి పంపిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు అంచుకు పోయాడు. అతను పోయి ఉంటే తనకు "దుఃఖముమీద దుఃఖము" అయ్యేదని పౌలు దాచుకోకుండా రాశాడు. అక్కడ ఆగి రెండోసారి చదివాను.

నాలుగో అధ్యాయం మొదట్లో యువొదియ, సుంటుకే అని ఇద్దరు ఆడవాళ్లుంటారు. గొడవ మాని ఏకమనస్సుతో ఉండండని పౌలు వాళ్లను బతిమాలుకుంటాడు. అది చదవగానే మా ఆయన నా వైపు వేలు చూపించి, ముందు సీట్లో ఉన్న వాళ్లక్క వైపు చూపించి, "అదే" అన్నారు.

"ఏమంటున్నాడు తమ్ముడు?" అని వదిన వెనక్కి తిరిగింది.

"దాహమట వదినా" అన్నాను. ఆవిడ నీళ్ల సీసా అందించింది. ఈయన ఎంత నవ్వారంటే తాగిన నీళ్లు నా చీర మీద పోశారు.