మొహం చూసి చెప్పేయడం

పొద్దున వీడియో మీటింగ్‌లో ఎవరో తెర మీద పెట్టిన పట్టికలో అంకెలు మరీ చిన్నగా ఉన్నాయి. కళ్ళు చిట్లించి, నుదురు ముడేసి చదువుతుంటే, "ఏంటండీ, కోపంగా ఉన్నట్టున్నారు?" అన్నారు ఒక సహోద్యోగి, అందరూ వింటుండగా. లేదన్నాను. "మొహం చూస్తే తెలిసిపోతోందిగా" అని నవ్వారు. అప్పటిదాకా లేని కోపం అప్పుడొచ్చింది.

ఆ తర్వాత మీటింగ్‌లో ఏం మాట్లాడుకున్నారో సగమే విన్నాను. మొహం చూస్తే మనసు తెలిసిపోతుందన్న నమ్మకం ఆయనొక్కడిదే కాదు మరి. మనుషుల్లో, జంతువుల్లో భావాలు పైకి ఎలా కనిపిస్తాయో వివరిస్తూ డార్విన్ 1872లో ఒక పుస్తకం వేశాడు. దానికోసం దూరదేశాల్లో ఉన్న మిషనరీలకు, ఇతరులకు ప్రశ్నలు రాసి పంపాడు: అక్కడివాళ్ళు ఆశ్చర్యపోతే కళ్ళు, నోరు పెద్దవి చేస్తారా, సిగ్గుపడితే మొహం ఎర్రబడుతుందా అని. దాదాపు వందేళ్ళకి అమెరికా మనస్తత్వవేత్త పాల్ ఎక్‌మన్ పాపువా న్యూ గినీ కొండల్లోని ఫోరే ప్రజల దగ్గరికి ఫొటోలు పట్టుకెళ్ళాడు. చిన్న కథ చెప్పి, దానికి తగిన మొహం ఏదో చూపించమన్నాడు. చాలామంది ఆయన అనుకున్నదే చూపించారు, భయాన్నీ ఆశ్చర్యాన్నీ విడదీయడం మాత్రం వాళ్ళకి కుదరలేదు. ఆరు ప్రాథమిక భావాలు ప్రపంచమంతా ఒకటే అన్న మాట అలా పాఠ్యపుస్తకాలకెక్కింది.

అదే దేశంలో ట్రోబ్రియాండ్ దీవులున్నాయి. 2016లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, కళ్ళు పెద్దవి చేసి నోరు తెరిచిన మొహాన్ని, అంటే మనం భయం అనుకునేదాన్ని, అక్కడి కుర్రాళ్ళు ఎదుటివాణ్ణి బెదిరించే మొహం అన్నారు. 2019లో మనస్తత్వవేత్త లీసా ఫెల్డ్‌మన్ బారెట్ మరికొందరితో కలిసి వెయ్యికి పైగా పరిశోధనా పత్రాలు చదివి తేల్చినది ఇంకా సూటిగా ఉంది: కోపం వచ్చినప్పుడు మనుషులు మొహం ముడుచుకునేది సుమారు 30 శాతం సార్లే. కోపం లేకుండా ముడుచుకునే సందర్భాలూ బోలెడు, శ్రద్ధగా చదవడం వాటిలో ఒకటి. ఐరోపా సమాఖ్యలో ఉద్యోగుల, విద్యార్థుల భావాలను యంత్రంతో పసిగట్టడాన్ని వైద్యానికీ భద్రతకీ తప్ప మరి దేనికీ వాడకూడదని 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించారు. యంత్రానికి వద్దన్నది మనుషులు ఉచితంగా చేసేస్తున్నారు.

వచ్చిన కోపం ఒంట్లో ఎక్కడుందో గమనిస్తూ కూర్చున్నాను (మీటింగ్ ఇంకా నడుస్తోంది). చెవులు, చేతులు వేడెక్కాయి. ఫిన్లాండ్ పరిశోధకులు 2014లో 701 మందికి మనిషి బొమ్మలిచ్చి, ఏ భావం ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో రంగు వేయమంటే, కోపానికి చాలామంది తల, ఛాతీ, చేతులు నింపారు. ఫిన్లాండ్, స్వీడన్, తైవాన్ అన్న తేడా పెద్దగా కనిపించలేదు. అక్కడితో ఆగితే ఒళ్ళు అందరికీ ఒకటే అనుకోవచ్చు. కానీ తర్వాత ఫిన్లాండ్ వాళ్ళే క్రీస్తుపూర్వం 934 నుంచి 612 దాకా అస్సీరియా సామ్రాజ్యం నాటి మట్టిపలకల మీది రాతల్ని, సుమారు పది లక్షల మాటల్ని, జల్లెడ పట్టారు. ఆ రాతల్లో సంతోషం కాలేయంలో ఉంటుంది, కోపం పాదాల్లో ఉంటుంది. అది చదివినప్పుడు అరికాలి మంట నెత్తికెక్కడం గుర్తొచ్చి నవ్వుకున్నాను. రెండింటికీ చుట్టరికం ఉందని నేను అనుకోను, అయినా సరదాగా ఉంది.

కోపం పాదాల్లో ఉన్నా చెవుల్లో ఉన్నా, దాన్ని ఏం చేయాలన్నది చుట్టూ ఉన్నవాళ్ళు నేర్పుతారు. జీన్ బ్రిగ్స్ అనే మానవశాస్త్రవేత్త 1960లలో కెనడా ఉత్తర కొసన ఉట్కు ఇన్యూట్ అనే ఆదివాసుల మధ్య, ఒక కుటుంబంలో కూతురిలా ఉంది. వాళ్ళ దృష్టిలో కోప్పడటం పసిపిల్లల లక్షణం. ఒకసారి చేపల వేట సరదాకి వచ్చిన తెల్లవాళ్ళు ఊరివాళ్ళ పడవ అడిగి తీసుకుని పాడుచేసి, ఉన్న ఇంకో పడవ కూడా ఇమ్మన్నారు. బ్రిగ్స్ వాళ్ళ మీద మండిపడింది. కోపం ఊరివాళ్ళ తరఫునే, న్యాయం కోసమే. అయినా ఆ ఊరివాళ్ళే ఆమెను కొన్ని నెలలపాటు దూరం పెట్టారు, మర్యాదగా, ఒక్క మాట తూలకుండా. నాకు ఈ కథలో మింగుడుపడనిది ఆ మర్యాదే. నేనైతే ఒక్క తిట్టు తిట్టి కలుపుకొమ్మని బతిమాలేదాన్ని.

సాయంత్రం పాప వచ్చి, "అమ్మా, కడుపులో తిప్పుతోంది. నాకు భయమేస్తోందా?" అంది. రేపు స్కూల్లో స్పీచ్ ఉంది. భయమేస్తోంది అనలేదు, వేస్తోందా అని నన్నే అడిగింది. పొద్దున నాకు ఎవరో పేరు పెట్టేస్తే ఒళ్ళు మండిందే, ఇదేమో తనంతట తానే వచ్చి పేరు పెట్టమంటోంది.

కడుపు ఎందుకు తిప్పుతుందో మాత్రం చెప్పగలిగాను. కంగారు పడగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, రక్తం పేగుల నుంచి కండరాలకి మళ్ళుతుంది, అరుగుదల నెమ్మదిస్తుంది. ఇదంతా తేల్చినవాళ్ళలో ముఖ్యుడు వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త. అంతకుముందు మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1884లో, మనం ఏడుస్తాం కాబట్టే దిగులు పడతామని, ఒంట్లో మార్పు ముందు, మనసుకి తెలియడం తర్వాత అని వాదించాడు. దానికి కానన్ 1927లో అడ్డం తిరిగాడు: భయానికీ కోపానికీ, చివరికి జ్వరానికి కూడా లోపల జరిగేది ఇంచుమించు ఒకటే అయితే, ఏది ఏదో ఒళ్ళు ఎలా చెబుతుంది?

ఈ చిక్కు నాట్యశాస్త్రం రాసిన భరతుడికి ముందే తెలుసనిపిస్తుంది. సాత్త్విక భావాలు, అంటే మనసులోది ఒంటి మీద తెలిసే గుర్తులు, ఎనిమిదిలో ఒకటైన కన్నీటికి కారణాలు చెబుతూ సంతోషం, శోకం, భయంతో పాటు పొగ, కాటుక, ఆవలింత, రెప్పవేయకుండా చూడటం కూడా చేర్చాడు. పొద్దున ఆ సహోద్యోగికి ఈ జాబితా పంపాలనిపించింది. పంపలేదు.

పాపకి "శాంతంగా ఉండు" అనలేదు. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ చేసిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు "నేను ఉత్సాహంగా ఉన్నాను" అని పైకి అనుకున్నవాళ్ళు "ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ళకంటే మెప్పించేలా మాట్లాడారు. దడదడలాడే గుండెని నిమ్మళపరచడం కష్టం, అదే దడకి ఇంకో పేరు పెట్టడం తేలిక. అలాగని భయాన్ని భయమనడం తప్పేమీ కాదు. మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో చూపించినట్టు, ఎదుట కనిపించే భావానికి మాటల్లో పేరు పెడితే మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం ఉలికిపాటు తగ్గుతుంది. రెండింట్లో ఏది వాడాలన్నది ఆ ఒంటి సొంతదారే తేల్చుకోవాలని నా అభిప్రాయం.

"ఉత్సాహమేమో?" అని అడిగి చూశాను.

కాసేపు ఆలోచించింది. "కాదు. భయం కూడా కాదు. తొందరగా అయిపోతే బాగుండు అనిపిస్తోంది."

ఎక్‌మన్ ఆరింటిలో ఇది లేదు. భరతుడి 33 సంచారి భావాల్లో, అంటే వచ్చిపోయే భావాల్లో, వెతికితే ఔత్సుక్యం (ఆత్రం) కాస్త దగ్గరికి వస్తుందేమో, ఆయన ఉదాహరణలు మాత్రం స్కూలు పిల్లలవి కావు. "అయితే అదే" అన్నాను. తను ఎప్పుడూ తడబడే రెండో పేరా మళ్ళీ మొదటినుంచి చదవడానికి లోపలికి వెళ్ళింది.