స్నోమొబైల్ గ్యాస్ షాక్‌లు ఇంట్లోనే విప్పి బిగించాను

మిన్నెసోటాలో చలికాలం ముదిరేసరికి మంచు బాటలన్నీ గట్టి దిబ్బలు తేలతాయి. వాటి మీద మా స్నోమొబైల్, అంటే ముందు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్‌తో మంచు మీద నడిచే బండి, కొంతదూరం మెత్తగానే పోయేది. షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) వేడెక్కాక మాత్రం దెబ్బలన్నీ నడుముకే. ట్రాక్ లోపల ఉండే రెండు షాక్‌ల మీదే నాకు అనుమానం, ఎందుకంటే అసలు బరువు మోసేది అవే. స్ప్రింగు తీసేసి కడ్డీని చేత్తో నెడితే లోపలే ఉండిపోయింది. గ్యాస్ ఉంటే అది తనంతట తానే నెమ్మదిగా బయటికి రావాలి. 200 పీఎస్‌ఐ ఒత్తిడి ఉంటే అర అంగుళం కడ్డీని దాదాపు 40 పౌండ్ల బలం బయటికి తోస్తుంది.

కుదుపును ఆపేది గ్యాసే అని చాలామంది అనుకుంటారు. ఆపేది ఆయిల్. పిస్టన్ రంధ్రాల్లోంచి, వాటి మీద పేర్చిన పల్చటి స్టీలు రేకులను వంచుకుంటూ ఆయిల్ దూరాలి. ఆ రాపిడిలోనే కుదుపు వేడిగా మారిపోతుంది. నైట్రోజన్ పని ఆ ఆయిల్‌ను ఎప్పుడూ ఒత్తిడిలో ఉంచి నురగ కట్టనివ్వకపోవడం. రెండూ కలవకుండా మధ్యలో ఐఎఫ్‌పీ అనే తేలే పిస్టన్ ఉంటుంది. మన దగ్గర పల్సర్ వెనక డబ్బాతో కనిపించే నైట్రాక్స్ షాక్‌లోనూ నైట్రోజన్ చేసే పని ఇదే.

ముందు వాల్వును ముఖానికి దూరంగా తిప్పి గ్యాసంతా వదిలేశాను. ఒత్తిడి మిగిలి ఉండగా మూత విప్పితే లోపలి భాగాలు ఎగిరి తగులుతాయి, అందుకే రక్షణ కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పనికి కూర్చోకూడదు. కడ్డీ లాగితే బూడిదరంగు ఆయిల్ కారింది, అందులో అల్యూమినియం పొడి మెరుస్తోంది. కడ్డీ చివరి నట్టు విప్పగానే రేకులను వరుస చెదరకుండా ఒక స్క్రూడ్రైవర్ మీదికి జార్చి, ఆ వరుసలోనే కేబుల్ టైకి గుచ్చి పెట్టాను. ఒక్క రేకు తారుమారైనా బండి తీరు మారిపోతుంది. కడ్డీ పొడవునా గోరుతో తడిమి చూశాను, ఎక్కడా గీత తగల్లేదు. గీత ఉంటే కొత్త సీలు వేసినా దండగే, వెంటనే కోసేస్తుంది. కడ్డీ మరలు కూడా సీలు అంచును కోస్తాయి కాబట్టి వాటి మీద నున్నటి తొడుగు పెట్టి సీలును దాటించాను. ఓ-రింగులు, పిస్టన్ చుట్టూ ఉండే బ్యాండు అన్నీ కొత్తవే వేశాను.

ఓపికంతా ఐఎఫ్‌పీ దగ్గరే కావాలి. ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన లోతులోనే దాన్ని నిలపాలి. మరీ లోతుకు దిగితే గ్యాస్‌కు చోటు చాలదు. కడ్డీ లోపలికి వచ్చినప్పుడు ఆయిల్ ఎటూ జరగలేక షాక్ బిగుసుకుపోతుంది. మరీ పైకి ఉంటే అసలు పిస్టన్ వచ్చి దానికి కొట్టుకుంటుంది. నేను కాలిపర్‌తో ఒకటికి రెండుసార్లు కొలిచాకే ఆయిల్ పోశాను. తర్వాత పిస్టన్‌ను అంగుళం అంగుళంగా పైకీ కిందికీ ఆడిస్తుంటే రేకుల సందుల్లోంచి బుడగలు వస్తూనే ఉంటాయి. అవి ఆగేదాకా మూత పెట్టకూడదు. మూత బిగించేటప్పుడు ఆయిల్ కొద్దిగా పొంగి పోవాలి, అప్పుడే పైన గాలి మిగల్లేదని నమ్మకం.

నైట్రోజన్ మాత్రం షాపులో పట్టించాను. సిలిండరు, రెగ్యులేటరు కొనడం ఒక్క బండికి గిట్టుబాటు కాదు. కంప్రెసర్ గాలితో సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. దానిలో తేమ ఉంటుంది, ఇక్కడ మైనస్ 30 డిగ్రీల చలి కూడా పడుతుంది. పట్టించాక మామూలు గేజీతో ఒత్తిడి చూడకండి. లోపలి గ్యాస్ గది ఎంత చిన్నదంటే, గేజీ గొట్టంలోకి పోయే కాస్త గ్యాసుకే ఒత్తిడి బాగా పడిపోతుంది.

ఇప్పుడు కడ్డీని నెట్టి వదిలితే ఎక్కడా తడబడకుండా ఒకే వేగంతో పైకి వస్తోంది. స్కీల షాక్‌లకు గ్యాస్ ఉంది కానీ ఆయిల్ పాతదే, మంచు పడేలోగా వాటినీ విప్పుతాను.