రిజిస్ట్రేషన్ వారం, సంతకానికి ముందు

ఏ సబ్జెక్టులు తీసుకోవాలో విద్యార్థులకు సలహా చెప్పే అడ్వైజర్‌ని నేను. వచ్చే సెమిస్టర్ సబ్జెక్టులు నమోదు చేసుకునే రిజిస్ట్రేషన్ వారం వచ్చిందంటే నా గది ముందు వరండా ఖాళీగా ఉండదు. చేతిలో ఫారం, ఫోన్‌లో టైంటేబుల్, గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలు. అందరి నోటా ఒకటే మాట: "మేడమ్, ఒక్క సంతకం." సంతకానికి నిమిషం కూడా పట్టదు. కానీ ఆ కాగితం మీద ఒక మనిషి వచ్చే సెమిస్టర్ అంతా ఉంది. చదవకుండా సంతకం పెట్టడానికి నాకు చెయ్యి రాదు.

పొద్దున్నే వచ్చినబ్బాయి మూడో సంవత్సరం. ఏకంగా 24 క్రెడిట్లు వేసుకొచ్చాడు. త్వరగా డిగ్రీ అయిపోతే త్వరగా ఉద్యోగంలో చేరొచ్చని అతని లెక్క. పక్కన కాగితం పెట్టుకుని నేనూ ఒక లెక్క వేశాను. క్రెడిట్ పద్ధతి ఉన్న చాలా చోట్ల, వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు రెండు గంటల సొంత చదువు కలిపి ఒక క్రెడిట్ అనుకుంటారు. అలా చూస్తే 15 క్రెడిట్లంటే వారానికి 45 గంటలు. 24 అంటే 72 గంటలు. యూరప్ వాళ్ల లెక్క వేరు. ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని, మొత్తం ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు. ఏ లెక్కన చూసినా చదువంటే పూర్తిస్థాయి ఉద్యోగమే.

"ఇందులో నిద్ర ఎక్కడ పడుతుంది?" అని అడిగాను. అతను ఆ 72 వైపు చూస్తూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, సాయంత్రాలు పనికి కూడా వెళ్తున్నానని చెప్పాడు. అసలు సంగతి అదీ. ఇబ్బంది ఫీజు దగ్గరుంది, దాన్ని క్రెడిట్లతో తీర్చాలని చూస్తున్నాడు. ఇలాంటప్పుడు "అన్ని సబ్జెక్టులు వద్దు" అని కొట్టేసి పంపిస్తే ఏం లాభం? స్కాలర్‌షిప్ ఆఫీసుకు ఫోన్ చేసి, దరఖాస్తు గడువు ఇంకా ఉందని కనుక్కుని, ఇక్కడి నుంచే అతన్ని అటు పంపాను. ఫారం 16 క్రెడిట్లకు దిగింది. మిగిలిన వాటిలో ఒకటి వేసవిలో చదవొచ్చు, ఇంకోటి వచ్చే ఏడాదికి పోయినా డిగ్రీ ఆలస్యం కాదు.

1972లో టెర్రీ ఓబానియన్ అనే అమెరికా విద్యావేత్త మా పనిని ఐదు మెట్లుగా చెప్పారు. ముందు జీవితంలో ఏం కావాలో చూసుకోవాలి, తర్వాత ఎలాంటి పని చేయాలనుందో. ఆ తర్వాత దానికి తగిన ప్రోగ్రాం, అందులో సబ్జెక్టులు. ఏ గంటకు ఏ క్లాసు అన్నది చిట్టచివరి మెట్టు. పిల్లలు నా దగ్గరికి వచ్చేది మాత్రం ఆ చివరి మెట్టు మీద నిలబడే. వాళ్ల తప్పేం లేదు, కంప్యూటర్ వాళ్లను అడిగేదే అది. వాళ్లతో కలిసి ఒక్కో మెట్టూ వెనక్కి ఎక్కడమే నా పని అనుకుంటాను. మనిషికి పావుగంట దొరికే వారంలో అది పూర్తిగా కుదరదని తెలుసు. కనీసం ఒక మెట్టయినా ఎక్కాలి.

మధ్యాహ్నం వచ్చినమ్మాయి రెండో సంవత్సరం. డేటా రంగంలోకి వెళ్లాలని గట్టి కోరిక. ఫారంలో చూస్తే ప్రాబబిలిటీ తీసేసి, దాని బదులు మార్కులు సులువుగా వస్తాయని పేరున్న ఎలెక్టివ్, అంటే ఇష్టాన్ని బట్టి ఎంచుకునే సబ్జెక్టు, పెట్టుకుంది. ఫారం వెనక్కి తిప్పి నాలుగు గళ్లు గీశాను. ప్రాబబిలిటీ అయితేనే స్టాటిస్టిక్స్, అదయితేనే మెషీన్ లెర్నింగ్, అదయితేనే ఆమె చేయాలనుకుంటున్న ఫైనల్ ప్రాజెక్టు. మొదటి గడిలో ఉన్న సబ్జెక్టు మా దగ్గర ఏడాదికి ఒక్కసారే చెబుతారు. ఈ సెమిస్టర్ వదిలేస్తే మిగతా గళ్లన్నీ ఏడాది వెనక్కి జరుగుతాయి. నాలుగో గడి డిగ్రీ దాటి బయట పడుతుంది. ఆ అమ్మాయి వేలు ఆ గళ్ల మీదుగా పోయి చివరి గడి దగ్గర ఆగిపోయింది. "ఇది నాకెవరూ చెప్పలేదు మేడమ్" అంది. ప్రీరిక్విజిట్లు, అంటే ముందుగా చదివి ఉండాల్సిన సబ్జెక్టులు, పుస్తకంలో ఒక్కో సబ్జెక్టు కింద ఒక్కో లైనుగా ఉంటాయి. వాటిని గొలుసులా కలిపి చూడమని ఎవరో ఒకరు చూపించాలి కదా.

అయినా "తీసుకో" అని నేను అనలేదు. అదే 1972లో బర్న్స్ క్రూక్‌స్టన్ అనే ఆయన, డాక్టరు రోగికి మందు రాసిచ్చినట్టు అడ్వైజర్ సబ్జెక్టులు రాసివ్వడం సరైన పద్ధతి కాదని, నిర్ణయంలో ఇద్దరికీ బాధ్యత ఉండాలని రాశారు. ఆ మాట నాకు ఎప్పుడూ నిజమనిపిస్తుంది. రాసిచ్చింది వికటిస్తే ఆ పిల్ల నన్ను అంటుంది, అది పెద్ద విషయం కాదు. కానీ తన దారి తను ఎంచుకోవడం మాత్రం నేర్చుకోదు. అందుకని భయం ఎక్కడుందో అడిగాను. మొదటి ఏడాది ఇంటిగ్రేషన్ దగ్గర దెబ్బతిందట. అయితే మొదటి వారాలు క్లాసులో కూర్చో, ట్యూటర్ గంటలకు వెళ్లు, సబ్జెక్టు వదులుకునే డ్రాప్ గడువు లోపల నువ్వే తేల్చుకో అన్నాను. ఆ గడువు తేదీ మాత్రం ఫోన్‌లో నా ముందే పెట్టించాను. గడువు లోపల వదిలేస్తే మార్కుల పట్టికలో జాడ ఉండదు. దాటాక విత్‌డ్రా అయితే చాలా యూనివర్సిటీల్లో ఆ సబ్జెక్టు పక్కన 'డబ్ల్యూ' పడుతుంది. ప్రాబబిలిటీ ఉంచుకునే వెళ్లింది.

ఆ తర్వాత వచ్చిన చాలామందివి మామూలు ఫారాలు.

చివరి సంవత్సరం అబ్బాయి ఒకతను రెజ్యూమె తెచ్చాడు. చదివిన సబ్జెక్టుల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. కింద ఎక్కడో "టీమ్ ప్రాజెక్టులో పాల్గొన్నాను" అని ఒక ముక్క. అందులో నువ్వేం చేశావని అడిగితే ముందు నీళ్లు నమిలాడు. తవ్వగా తవ్వగా తేలిందేమిటంటే, లైబ్రరీ రికార్డుల్లో ఒకే పుస్తకం రెండు పేర్లతో ఎక్కిన చోట్లు వెతికి కలిపే ప్రోగ్రాం మొత్తం అతనే రాశాడు! అంత పని చేసి "పాల్గొన్నాను" అని రాసుకుంటారా ఎవరైనా? ఏ ఇబ్బంది చూశాడో, ఏం చేశాడో, దాంతో ఏం మారిందో మూడు వాక్యాల్లో నా బల్ల దగ్గరే కూర్చుని రాయమన్నాను. కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ చాలాసేపే పట్టింది. లేచేటప్పటికి మనిషి గొంతు మారింది. ఈ సంభాషణ మొదటి ఏడాదిలోనే జరగాలి. ఇంటర్న్‌షిప్‌ల దరఖాస్తులు సెలవులకు నెలల ముందే మూసేస్తారు, సిఫారసు లేఖ రాసే టీచర్‌కు విద్యార్థి ముఖమైనా తెలిసి ఉండాలి.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. మొదటి ఏడాది అమ్మాయి ఒకతె "నాకేం కావాలో నాకే తెలియదు" అని తలదించుకుంది, అదేదో నేరమైనట్టు. 1999లో కెరీర్ కౌన్సెలింగ్ మీద పనిచేసిన జాన్ క్రంబోల్ట్జ్, ఆయన సహచరులు, అనుకోకుండా ఎదురైనవాటిని అవకాశాలుగా మలచుకోవడం కూడా నేర్చుకోదగ్గ విద్యేనని వాదించారు. ఆసక్తి, పట్టుదల, పట్టువిడుపులు, ఆశాభావం, కొంచెం తెగువ ఉంటే చాలన్నారు. నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పద్దెనిమిదేళ్లకే గమ్యం చెప్పమనడం అన్యాయం. తప్పనిసరి సబ్జెక్టుల పక్కన, ఆమె కళ్లు ఆగిన జియాలజీ ఎలెక్టివ్ ఒకటి పెట్టించాను.

సాయంత్రం ఫారాలన్నీ తిరగేస్తుంటే ఒకటి కనిపించింది. స్టాటిస్టిక్స్, డేటాబేస్ ల్యాబ్ ఒకే గంటకు పడ్డాయి. మూడో సంవత్సరం వాళ్లలో చాలామందికి రెండూ కావాలి. గంట మార్చమని, కుదరకపోతే ఇంకో సెక్షన్ తెరవమని, కారణాలతో సహా డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ పెట్టాను. జవాబు వచ్చేలోపు ఆ పిల్లలకు రెండో ప్లాన్ కూడా రాసి ఉంచాలి. పొద్దున్నే మొదలుపెడతాను.